అయిదు వేలలో మా ట్రావెల్స్‌కి వెబ్‌సైట్ పెట్టుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తరోడ్డు, గోపాలపట్నం
ఆదివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నాకు రెండు బండ్లున్నాయి, ఒక డిజైర్, ఒక ఎర్టిగా. రెండూ ఎల్లో బోర్డే. ఒకటి నేను తోలుతాను, రెండోది మా బావమరిది. పదకొండేళ్లుగా అరకు, బొర్రా, లంబసింగి, అన్నవరం, అరసవల్లి ట్రిప్పులు వేస్తున్నాం. పార్టీలు ఎక్కువగా హోటళ్ల వాళ్లు పంపినవే. వాళ్లకి ట్రిప్పుకి ఇంతని కమీషన్ ఇవ్వాలి. సీజన్లో ఫర్వాలేదు. ఎండాకాలంలో మాత్రం కమీషన్ పోగా మిగిలింది ఆయిల్‌కి, ఫైనాన్స్ కిస్తీకి సరిపోతుంది, అంతే.

మూడేళ్ల కిందట ఒకాయన వెబ్‌సైట్ చేస్తానని 18,000 తీసుకున్నాడు. చేశాడు కూడా. కలకత్తా నుంచి రెండు మూడు ఫోన్లు వచ్చాయి, సంతోషపడ్డాం. రెండో ఏడాది ఒకరోజు చూస్తే సైట్ లేదు. ఆయన నంబర్ పనిచేయడం లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, మా ట్రావెల్స్ పేరుతో ఉన్న డొమైన్‌ని, అంటే సైట్ అడ్రస్‌ని, ఆయన తన పేరు మీదే కొన్నాడట. విజిటింగ్ కార్డుల మీద, బండి వెనక అద్దం మీద ఆ అడ్రసే వేయించాను. ఇప్పుడు అది కొడితే ఏదో డబ్బు పెట్టి ఆడే ఆటల పేజీ వస్తోంది. ఒక పార్టీ అది చూసి, "మీరు నిజంగా ట్రావెల్స్ వాళ్లేనా?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి నేనే నేర్చుకుని పెట్టుకుంటాను. మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఉంది. రాత్రిళ్లు ఖాళీ దొరుకుతుంది. బడ్జెట్ 5,000. ఏం కొనాలి, ఏం కొనకూడదు, మీలో తెలిసినవాళ్లు చెప్పండి.

డాల్ఫిన్‌నోస్, అరకు
ఆదివారం రాత్రి 10:55

అన్నా, జరిగింది చదివితే బాధేసింది. అయినా ఒకటి అడుగుతాను. వెబ్‌సైట్ నిజంగా కావాలా? నాకు ఇక్కడ నాలుగు గదుల హోమ్‌స్టే ఉంది. సైట్ లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్‌లో మన వ్యాపారం వివరాలు చూపించేది), ఇన్‌స్టాగ్రామ్ ఈ రెంటితోనే శని ఆదివారాలు గదులు నిండుతున్నాయి. రెంటికీ రూపాయి ఖర్చు లేదు.

ఉప్పుగాలి, మధురవాడ
ఆదివారం రాత్రి 11:30

ప్రొఫైల్ ముందు పెట్టుకోవాలన్నది నిజం. కానీ గదికీ బండికీ తేడా ఉంది. గది ఒకచోట ఉంటుంది. మ్యాప్‌లో చుక్క కనిపిస్తుంది, వచ్చినవాళ్లు ఫొటోలు పెడతారు. బండి తిరుగుతూ ఉంటుంది. హౌరాలో కూర్చున్న కుటుంబం ముక్కూమొహం తెలియని మనిషికి అడ్వాన్స్ పంపాలి. ఆ మనిషి ఎవరు, ఏం బండి, ఏం చూపిస్తాడు, దేనికి ఎంత అని తీరిగ్గా చదువుకునే చోటు ఒకటి ఉంటే వాళ్లకి ధైర్యం వస్తుంది. ఇన్‌స్టాలో పాత పోస్టు వెతుక్కోవడం అయ్యే పని కాదు.

ఇంకోటి. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఒక చిన్న వెబ్‌సైట్ కూడా ఉచితంగా ఇచ్చేది, గుర్తుందా? 2024 మార్చిలో వాటన్నిటినీ మూసేసింది. సొంత డొమైన్ ఉన్నవాళ్లు దాన్ని ఇంకోచోటికి తిప్పుకున్నారు. లేనివాళ్ల అడ్రస్ పోయింది.

అన్నా, నీకు జరిగిందీ అలాంటిదే కాబట్టి ముందు ఇది అర్థం చేసుకో. బండి నువ్వే తోలుతున్నా, ఆర్‌సీలో ఇంకొకరి పేరుంటే బండి ఎవరిది? డొమైనూ అంతే. డబ్బు ఎవరు కట్టారన్నది లెక్కలోకి రాదు. రిజిస్ట్రెంట్ అన్నచోట ఎవరి పేరు, ఎవరి ఈమెయిల్ ఉన్నాయో వాళ్లదే డొమైన్. హోస్టింగ్ అంటే బండి పెట్టుకునే షెడ్డు. షెడ్డు ఈ రోజు ఇక్కడ, రేపు ఇంకోచోట. ఆర్‌సీ మాత్రం నీ దగ్గరే ఉండాలి.

లక్కబొమ్మ, సీతమ్మధార
సోమవారం ఉదయం 7:15

ఉప్పుగాలి తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మీరు ఎవరి చేత చేయించుకున్నా సరే, ఈ మూడు మీ చేతిలో ఉండాలి: డొమైన్ కొన్న ఖాతా, దానికిచ్చిన ఈమెయిల్, ఓటీపీ వచ్చే ఫోన్ నంబర్. ఆ ఈమెయిల్‌కి రెండంచెల భద్రత పెట్టండి. పాస్‌వర్డ్ ఒక నోటుబుక్కులో రాసి ఇంట్లో బండి కాగితాల పక్కన ఉంచండి. కంప్యూటర్ తెలిసినవాళ్లు వద్దంటారేమో గానీ, మనకి ఇంట్లో పుస్తకమే భద్రం.

పాత డొమైన్ వెనక్కి తెచ్చుకోవడం గురించి కూడా చెబుతాను, నేను కనుక్కున్నాను. డాట్ కామ్ పేర్ల తగాదాలకి యూడీఆర్‌పీ అనే పద్ధతుంది. ముందు ట్రేడ్‌మార్క్ మీద మీ హక్కు చూపించాలి. ఫిర్యాదు తీసుకునే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ (వైపో) ఫీజే 1,500 డాలర్లు. దాన్ని వదిలేయడమే మంచిది అన్నయ్యా. మనసుకి కష్టంగానే ఉంటుంది, తెలుసు. ఆ అడ్రస్ ఉన్న కార్డులు మాత్రం ఈ రోజే పంచడం ఆపేయండి.

కొత్తరోడ్డు, గోపాలపట్నం
సోమవారం రాత్రి 9:50

ఆర్‌సీ మాటతో మొత్తం అర్థమైంది. కార్డులు పక్కన పెట్టేశాను. ఇప్పుడు డాట్ కామ్ కొనాలా, డాట్ ఇన్ కొనాలా? మొదటి ఏడాది 99 అని ఒకచోట, 149 అని ఒకచోట కనిపిస్తోంది.

ఉప్పుగాలి, మధురవాడ
సోమవారం రాత్రి 10:30

99 చూసి కొనకు. రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూడు. అసలు ధర అదే. పైన 18 శాతం జీఎస్టీ. నా డాట్ ఇన్‌కి పన్నుతో కలిపి ఏడాదికి దాదాపు 800 అవుతోంది, డాట్ కామ్‌కి అంతకంటే ఎక్కువ. మీ పార్టీలందరూ దేశంలోవాళ్లే, డాట్ ఇన్ చాలు. ఒకేసారి మూడేళ్లకి కట్టేయి. ఆటో రెన్యువల్ ఆన్ చేసి, కార్డు గడువు ఎప్పుడు అయిపోతుందో కూడా చూసుకో. కార్డు ఎక్స్‌పైరీ వల్ల డొమైన్ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

కొనేటప్పుడు హోస్టింగ్, ఈమెయిల్, సైట్ బిల్డర్, ఎస్‌ఎస్‌ఎల్ అని కార్టులో ఒక్కొక్కటీ వచ్చి చేరతాయి. అన్నీ తీసేయి. ఎస్‌ఎస్‌ఎల్ అంటే సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య వెళ్లే సమాచారం బయటివాళ్లకి అందకుండా కాపాడేది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు దాన్ని ఉచితంగానే ఇస్తున్నాయి. 2018 నుంచి క్రోమ్ అది లేని సైట్ల పక్కన 'సురక్షితం కాదు' అని చూపిస్తోంది కాబట్టి ఉండితీరాలి, కానీ దానికి డబ్బు కట్టక్కర్లేదు.

కొన్నాక ఈమెయిల్ నిర్ధారించమని లింకు వస్తుంది, అదే రోజు నొక్కు. గుర్తింపు వివరాలు అడిగితే నీవే ఇవ్వు.

పేరు చిన్నదిగా ఉండాలి, ఫోన్లో చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకోగలగాలి. మధ్యలో గీతలు, అంకెలు వద్దు.

సీతకొండ
సోమవారం రాత్రి 11:05

అన్నా, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టేయొచ్చు, హోస్టింగ్ ఖర్చే ఉండదు. నేను ఒక గంటలో చేసి ఇస్తాను.

ఉప్పుగాలి, మధురవాడ
సోమవారం రాత్రి 11:20

తమ్ముడూ, సాయం చేస్తానన్న మనసు మంచిది. కానీ గిట్‌హబ్ పేజెస్ షరతులు ఒకసారి చదువు. వ్యాపారం నడిపే సైట్‌కి ఉచిత హోస్టింగ్‌గా దాన్ని వాడకూడదని స్పష్టంగా ఉంది. పైగా రేపు రేటు మారితే అన్న నీకోసం ఎదురుచూడాలి. ఆయన నేర్చుకుంటానన్నాడు కదా, నేర్చుకోనిద్దాం. నువ్వు పక్కన కూర్చుని చూపించు.

నా సలహా గూగుల్ సైట్స్. మామూలు జీమెయిల్ ఖాతా ఉంటే చాలు, ఉచితం. బొమ్మ లాగి పెట్టడం, మాట టైప్ చేయడం, అంతే పని. ఫోన్‌లో చూసినా సరిగ్గా సర్దుకుంటుంది. ఎస్‌ఎస్‌ఎల్ దానంతటదే వస్తుంది. మనం కొన్న డొమైన్ కలుపుకోవచ్చు. లోపాలూ ఉన్నాయి. రూపం మన ఇష్టానికి పెద్దగా మారదు. సైట్ కట్టడానికి ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి, ఫోన్‌లో అంత వీలు కాదు. ఇంకోచోటికి మారాలంటే పేజీలు మళ్లీ కట్టుకోవాలి. రెండు బండ్లకి అయిదారు పేజీలు, ఆ మాత్రం మళ్లీ కట్టుకోవడం కష్టం కాదు.

లక్కబొమ్మ, సీతమ్మధార
మంగళవారం ఉదయం 6:50

నేను సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాను. నాకు సరుకు అమ్మాలి, కార్టు కావాలి, పేమెంట్ గేట్‌వే కావాలి, కాబట్టి తప్పదు. అది ఉచితమే, కానీ హోస్టింగ్‌కి నెలనెలా ఖర్చు, వారం వారం అప్‌డేట్లు. మొదటి ఏడాది డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ని (సైట్‌కి రూపం ఇచ్చేది) ఎవరో ఉచితంగా ఇస్తున్నారని దింపుకుని పెట్టాను. రెండు నెలలకి గూగుల్‌లో మా కొట్టు పేరు కొడితే కింద జపాన్ అక్షరాలతో వందల పేజీలు! ఆ థీమ్‌లోనే దొంగ కోడ్ ఉంది. ఏరి తీసేసరికి దీపావళి అమ్మకాలు మొత్తం పోయాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర చెక్కి లక్క పూసేవాళ్లకి ఆ నెల నేను ఆర్డర్ ఇవ్వలేకపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే దిగులుగానే ఉంటుంది.

మీకు కార్టు అక్కర్లేదు. పార్టీ ఫోన్ చేయాలి లేదా వాట్సాప్ పెట్టాలి. గూగుల్ సైట్స్ మీకు సరిపోతుంది.

కొత్తరోడ్డు, గోపాలపట్నం
గురువారం రాత్రి 10:40

డొమైన్ కొన్నాను. నా పేరు, నా మెయిల్, నా ఫోన్. బిల్లు ప్రింట్ తీసి ఆర్‌సీల పక్కనే పెట్టాను. మూడేళ్లకి పన్నుతో కలిపి 2,300 చిల్లర అయింది.

ఒక సమస్య వచ్చింది. పాత పాంప్లెట్ డీటీపీ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే, అందులోంచి తెలుగు మేటర్ కాపీ చేసి సైట్‌లో పేస్ట్ చేశాను. తెలుగు రాలేదు. అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వచ్చాయి. ల్యాప్‌టాప్ పాడైందా?

అచ్చుయంత్రం, పూర్ణా మార్కెట్
గురువారం రాత్రి 11:00

పాడవలేదు గురూ. అది అను ఫాంట్‌లో కొట్టిన మేటర్. మేం అచ్చుపనికి అదే ఎక్కువగా వాడతాం. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చినట్టు ఉంటుంది, ఆ ఫాంట్ లేనిచోట కింద ఉన్న ఇంగ్లిష్ అక్షరాలే బయటపడతాయి. వెబ్‌సైట్‌కి యూనికోడ్ తెలుగు కావాలి, వాట్సాప్‌లో టైప్ చేస్తామే, అది. అనుని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకటికి రెండుసార్లు చూడాలి, అక్కడక్కడ తేడా వస్తుంది. మీ మేటర్ ఒక్క పేజీయే కాబట్టి ఫోన్‌లో మాట్లాడి టైప్ చేయించుకోవడమే తొందరగా అవుతుంది.

పాంప్లెట్‌ని ఫొటో తీసి సైట్‌లో అతికించొద్దు. అందులోని మాటల్ని గూగుల్ వెతుకులాటలో పట్టుకోవడం కష్టం. ఫోన్‌లో చదవాలంటే వేళ్లతో పెద్దది చేసుకోవాలి.

మద్దిలపాలెం మాస్టారు
శుక్రవారం ఉదయం 5:40

బాబూ, నేను రిటైర్డ్ టీచర్ని. సాంకేతిక విషయాలు వీళ్లు చెబుతున్నారు. నేను మాటల గురించి చెబుతాను. ఆ పాంప్లెట్ మేటర్ అసలు వాడకు. "అత్యుత్తమ సేవలు, సరసమైన ధరలు, నమ్మకమే మా నినాదం" అనే కదా ఉంటుంది? ప్రతి ట్రావెల్స్ వాళ్లూ అదే వేస్తారు, అది చదివి ఎవరూ బండి ఎక్కరు.

రోజూ నీకు ఫోన్ చేసేవాళ్లు ఏం అడుగుతారు, నువ్వేం చెబుతావు? అది ఇక్కడ రాయి. నాతో మాట్లాడుతున్నట్టే రాయి. పద్ధతి గురించి ఆలోచించకు.

కొత్తరోడ్డు, గోపాలపట్నం
శుక్రవారం రాత్రి 11:15

మాస్టారూ, రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

అందరూ ముందు అడిగేది, ఒక్కరోజులో అరకు చూసి రావొచ్చా అని. రావొచ్చు. కానీ పొద్దున 6కల్లా బయలుదేరాలి. వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక కిలోమీటర్ల లెక్క పనికిరాదు, గంటల లెక్కే. బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ వ్యూపాయింట్, కాఫీ తోటలు, పైన పద్మాపురం గార్డెన్స్, ట్రైబల్ మ్యూజియం, చాపరాయి. అన్నీ ఒకేరోజు అంటే ఇంటికొచ్చేసరికి రాత్రి పదవుతుంది. చిన్నపిల్లలుంటే కటికి, చాపరాయిలో ఒకటి మానేయమంటాను. కటికి దాకా మన కారు పోదు. కింద నుంచి లోకల్ జీపు మాట్లాడుకోవాలి, దాని డబ్బు వేరే. ఇది ముందే చెప్పకపోతే అక్కడికెళ్లాక గొడవవుతుంది. బొర్రాలో మెట్లు చాలా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కొంతదూరం దిగి ఆగిపొమ్మంటాను. అక్కడి నుంచి చూసినా బాగుంటుంది.

రైల్లో వెళ్లి కారులో వస్తామనేవాళ్లు చాలామంది. పొద్దున కిరండూల్ రైలు, అద్దాల బోగీ, సొరంగాల కోసం. వాళ్లకి నేను చెప్పేది, అరకు దాకా పోకండి, బొర్రా గుహలు స్టేషన్లో దిగిపోండి, అక్కడ నేను బండితో ఉంటాను అని. అరకులో దిగితే బొర్రా కోసం మళ్లీ వెనక్కి రావాలి. ఇలా అయితే గుహలు చూసుకుని పైకి వెళ్లి, సాయంత్రం నేరుగా దిగిపోవచ్చు. రేటు మాత్రం పెద్దగా తగ్గదు, ఎందుకంటే పొద్దున బండి ఖాళీగా పైకి రావాలి.

లంబసింగి డిసెంబరు, జనవరిలో. తెల్లారేసరికి అక్కడ ఉండాలంటే వైజాగ్‌లో అర్ధరాత్రి దాటగానే బయలుదేరాలి. ముందురోజు పగలంతా తోలినవాణ్ని ఆ రాత్రి నేను పంపను. నాకు డబ్బు పోయినా సరే. వంజంగిలో మబ్బులు ఏ రోజు కనబడతాయో ఎవరూ చెప్పలేరు, చివర కొండ నడిచే ఎక్కాలి.

అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం మూడూ ఒక్కరోజులో అవుతాయి, ఆదివారం అయితే అరసవల్లిలో రద్దీ. సింహాచలం చందనోత్సవం రోజు, ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ రోజు ట్రాఫిక్ మళ్లిస్తారు. ఆ రెండు రోజులు సింహాచలం బుకింగ్ నేను తీసుకోను. కొండ దాకా దింపుతానని చెప్పి దూరంగా దింపితే అది మోసం.

ఇంకో కష్టం. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు. నా ఫోన్ కలవకపోతే పార్టీ ఇంకొకరికి చేసేస్తారు.

మద్దిలపాలెం మాస్టారు
శనివారం ఉదయం 5:30

బాబూ, రెండుసార్లు చదివాను. అక్షర దోషాలు నేను దిద్దిపెడతాను, మాటలు మాత్రం మార్చను. ఇలాగే పెట్టు. "పగలంతా తోలినవాణ్ని ఆ రాత్రి పంపను" అన్న వాక్యం తీసేయకు. నేను నా మనవల్ని ఆ బండిలో పంపుతాను.

ఉప్పుగాలి, మధురవాడ
శనివారం ఉదయం 9:00

సైట్‌కి కావాల్సిన మేటర్ చాలావరకూ ఇందులోనే ఉంది. అన్నా, ఇదంతా ఒకే పేజీలో పెట్టొద్దు. అరకు ఒకరోజు ట్రిప్పుకి ఒక పేజీ, రైలు–కారు ట్రిప్పుకి ఒకటి, లంబసింగి–వంజంగికి ఒకటి, శ్రీకాకుళం గుళ్లకి ఒకటి. జనం గూగుల్‌లో ట్రావెల్స్ పేరు కొట్టరు, 'వైజాగ్ నుంచి అరకు కారు' అని కొడతారు. ఒక్కో దారికి ఒక్కో పేజీ, దాని శీర్షికలో ఆ మాటలే ఉంటే దొరికే అవకాశం పెరుగుతుంది. అరకు పేజీలు ఇంగ్లిష్‌లోనూ కావాలి, పూజా సెలవులకి బెంగాల్ నుంచి వచ్చేవాళ్లు చదివేది అదే. గుళ్ల పేజీ తెలుగులో ఉంటే చాలు.

సిగ్నల్ విషయం దాచకు. ప్రతి పేజీలో నంబర్ కిందే రాయి: "ఘాట్‌లో ఉంటే ఫోన్ కలవదు. వాట్సాప్ పెట్టండి, దిగగానే నేనే చేస్తాను." వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, అందులో 'అవే మెసేజ్' (ఇప్పుడు అందుబాటులో లేనని చెప్పే జవాబు) పెట్టుకుంటే నువ్వు చూడలేనప్పుడు అది దానంతటదే వెళ్తుంది, కాకపోతే ఫోన్‌కి నెట్ ఉంటేనే. ఇంట్లో ఉండే వాళ్లది ఎవరిదైనా రెండో నంబర్ ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

వాట్సాప్ బటన్ లింకు ఇలా: డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, 91, దాని పక్కనే పది అంకెల నంబర్. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీ ఏవీ ఉండకూడదు.

కొత్తరోడ్డు, గోపాలపట్నం
శనివారం రాత్రి 10:10

రేట్లు పెట్టాలా? పెడితే స్టాండులో వాళ్లు చూసి వంద తగ్గించి చెబుతారని మా బావమరిది వద్దంటున్నాడు.

డాల్ఫిన్‌నోస్, అరకు
శనివారం రాత్రి 10:35

నేనూ పెట్టను. సీజన్‌లో ఒక రేటు, లేనప్పుడు ఒకటి. పెడితే డిసెంబరులో కూడా ఆ రేటే అడుగుతారు.

లక్కబొమ్మ, సీతమ్మధార
ఆదివారం ఉదయం 7:30

నేను ఒప్పుకోను. కొనేవాళ్ల వైపు నుంచి చూడండి. రేటు లేకపోతే ఎంత లాగుతారో అని భయపడి పేజీ మూసేస్తారు. సీజన్ రేటు, మామూలు రేటు రెండూ పెట్టండి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో రాయండి. అంతకంటే ముఖ్యం, అందులో ఏం కలిసింది, ఏం కలవలేదు అన్నది. ఆయిల్, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్, ఎంట్రీ టికెట్లు, రాత్రి ఉంటే బత్తా ఎంత. వంద తక్కువ చెప్పినవాడు తర్వాత వీటి దగ్గర అయిదు వందలు అడుగుతాడని జనానికి తెలుసు.

అడ్వాన్స్ గురించి కూడా. క్యూఆర్ కోడ్ సైట్‌లో పెట్టొద్దు. ఫోన్లో మాట్లాడాకే పంపండి. "మా యూపీఐలో ఈ పేరే కనిపిస్తుంది, వేరే పేరు వస్తే డబ్బు పంపకండి" అని మాత్రం రాయండి. ట్రిప్పు రద్దయితే ఎంత వెనక్కి ఇస్తారో కూడా రాయండి.

ఫొటోలు మీవే పెట్టండి. నెట్‌లో దొరికిన అరకు ఫొటోలు ఎవరో తీసినవి, వాళ్లవి. బండి ఫొటో పొద్దుటి ఎండలో తీయండి. లోపల సీట్లు, డిక్కీలో మూడు సూట్‌కేసులు పెట్టి ఒకటి. కుటుంబాలు చూసేది డిక్కీయే.

కొత్తరోడ్డు, గోపాలపట్నం
ఆదివారం మధ్యాహ్నం 2:20

డిక్కీ ఫొటో! పదకొండేళ్లలో ఎంతమంది అడిగారో, నాకు తట్టనే లేదు. అక్కా, చాలా థాంక్స్. రేట్లు పెడుతున్నాను. బావమరిదికి నచ్చజెప్పాను.

సీతకొండ
ఆదివారం సాయంత్రం 6:00

అన్నా, రేపు సాయంత్రం ఎన్‌ఏడీ జంక్షన్ వైపు వస్తున్నాను, డొమైన్ కలిపేటప్పుడు పక్కన కూర్చుంటాను. టైపింగ్ మాత్రం మీరే చేయాలి. అలాగే బుకింగ్ ఫారం ఒకటి గూగుల్ ఫామ్స్‌లో చేసుకుందాం, పేరు, తేదీ, ఎంతమంది, ఎక్కడ ఎక్కాలి. అంతే. ఆధార్ ఫొటోలు అందులో అడగొద్దు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అక్కర్లేని వివరాలు మన దగ్గర పెట్టుకోకపోవడమే మంచిది.

కొత్తరోడ్డు, గోపాలపట్నం
బుధవారం రాత్రి 11:40

సైట్ వచ్చింది! సోమవారం రాత్రి డొమైన్ కలిపితే మంగళవారం మధ్యాహ్నానికి తెరుచుకుంది. ఆ మధ్యలో నాకు ఒకటే టెన్షన్, ఏదో తప్పు చేశానని. తమ్ముడు ముందే చెప్పాడు, కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రెండు రోజులు కూడా అని.

ఈ రోజు పొద్దున్నుంచి ఆరు ఫోన్లు వచ్చాయి, పార్టీలవి కాదు. మీ సైట్‌ని గూగుల్ మొదటి పేజీలో పెడతాం, గ్యారంటీ, 9,000 కట్టండి అని. ఒక మెయిల్‌లో డొమైన్ రెన్యువల్ బిల్లు కూడా వచ్చింది. నేను మూడేళ్లకి కట్టాను కదా?

ఉప్పుగాలి, మధురవాడ
గురువారం ఉదయం 8:15

ఆ బిల్లు దొంగది, కట్టకు. అందులో లింకు కూడా నొక్కకు. రెన్యువల్ ఏదైనా నువ్వు కొన్న చోటికి నువ్వే వెళ్లి, లాగిన్ అయి చూడు. కొత్త డొమైన్ కొన్న చాలామందికి ఈ ఫోన్లు వస్తాయి. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే చెబుతుంది. సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ని నమోదు చేసుకో, అది ఉచితం. ఏ మాటలు కొట్టి జనం వస్తున్నారో అందులో కనిపిస్తుంది.

బిజినెస్ ప్రొఫైల్‌లో 'సర్వీస్ ఏరియా' పెట్టుకుని ఇంటి అడ్రస్ దాచుకోవచ్చు. వెరిఫికేషన్‌కి వీడియో అడుగుతారు, బండి, ట్రావెల్స్ పేరు, కాగితాలు కనిపించేలా ఒకేసారి ఆపకుండా తీయాలి. నెలకోసారి ప్రొఫైల్ తెరిచి ఫోన్ నంబర్ నీదేనా అని చూడు. 'మార్పు సూచించండి' అన్నదాని ద్వారా బయటివాళ్లు నంబర్లు మార్చి మోసం చేసిన సందర్భాలున్నాయి.

అచ్చుయంత్రం, పూర్ణా మార్కెట్
గురువారం ఉదయం 10:05

గురూ, నా ఫోన్‌లో వాట్సాప్ బటన్ నొక్కితే నంబర్ చెల్లదంటోంది. 91 తర్వాత సున్నా ఉందేమో చూడు. తెలుగు పేజీ మాత్రం చక్కగా వచ్చింది, ఒక్క ఒత్తు కూడా విరగలేదు. కొత్త కార్డులకి మేటర్ పంపు, ఈసారి అడ్రస్ పక్కనే క్యూఆర్ కూడా వేద్దాం, సైట్‌కి వెళ్లేది.

లక్కబొమ్మ, సీతమ్మధార
గురువారం మధ్యాహ్నం 1:30

చూశాను, చాలా బాగుంది అన్నయ్యా. మొదటి బొమ్మలోనే మీరూ మీ బండీ కనిపిస్తున్నారు, అది మంచి పని. ఒకటే లోటు. అరకు పేజీలో రేటు కింద బొర్రా టికెట్ ఎవరు కొనాలో లేదు. కటికి జీపు సంగతి కూడా ఎక్కడో కింద ఉంది, రేటు పక్కకి తెండి.

కొత్తరోడ్డు, గోపాలపట్నం
గురువారం రాత్రి 10:50

సున్నా తీసేశాను, ఇప్పుడు వెళ్తోంది. రేటు కిందే రాశాను: "ఆయిల్, బత్తా, టోల్ మావి. బొర్రా టికెట్, కటికి జీపు, పార్కింగ్ మీవి." నేనే మార్చాను, ఎవరినీ అడగకుండా, నాలుగు నిమిషాల్లో.

లెక్క కూడా చెబుతాను. డొమైన్‌తో పాటు అద్దం స్టిక్కర్లు, కార్డుల అడ్వాన్స్ కలిపి 4,100 అయింది. పాత అడ్రస్ ఉన్న స్టిక్కర్లు ఈ సాయంత్రమే రెండు బండ్ల మీదా గీకించేశాను.

రేపు పొద్దున అయిదున్నరకి అరకు ట్రిప్పు ఉంది, సాయంత్రం దాకా సిగ్నల్ ఉండదు. ఇంకేమైనా తప్పులు కనబడితే ఇక్కడ రాసి పెట్టండి, దిగగానే చూసి మారుస్తాను.